బండి కిందికి దూరే ముందు

2014 జనవరి. పత్తి సీజను జోరు మీదుంది. రెండో షిఫ్టు వదిలేసరికి రాత్రి పదిన్నర దాటింది. జిన్నింగులో పనిచేసే ఆడవాళ్లు పదకొండు మంది మినీ లారీ వెనక ఎక్కినారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని నాకు తెలుసు, ఎక్కేవాళ్లకు తెలుసు, ఎక్కించమని చెప్పినవాళ్లకూ తెలుసు. కానీ ఆ వేళప్పుడు సంగనకల్లుకు ఇంకో బండి దొరకదు. క్యాబిన్‌లో నా పక్కన మా అక్క కొడుకు కూర్చున్నాడు. వానికప్పుడు పంతొమ్మిదేళ్లు. క్లీనరు పనికి నేనే పిలుచుకొచ్చినా.

క్లచ్ వదిలి బండి కదిలిస్తానే కింద 'టక్' మని ఒక దెబ్బ. అది నాకు కొత్త కాదు. అప్పటికే పది పన్నెండు రోజుల నుంచి వింటున్నా. గేరు మార్చినప్పుడు ఒకసారి, ఆక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే ఇంకోసారి. దానికి ముందు రెండు నెలల నుంచి బండి యాభై దాటితే కింద నుంచి సన్నగా వణుకు కూడా వస్తాంది. టైరు అరిగిందిలే అనుకున్నా. వెనక కూర్చునే అక్కలు ఒకరిద్దరు అప్పుడే చెప్పినారు కూడా: "అన్నా, మా కాళ్ల కింద ఏందో పిట్ట అరిచినట్ల అరస్తాందే, నీకు వినపడలేదా?" క్యాబిన్‌లో ఇంజను మోతకు నాకు అది వినపడదు. షాఫ్టు పోయేది వాళ్లు కూర్చునే చోటి కిందనే కదా, వాళ్లకే బాగా వినపడుతుంది. నేను నవ్వి ఊరుకున్నా.

ఎందుకు ఊరుకున్నానంటే, బండి గ్యారేజీలో పెడితే ఒక పూట పోతుంది. పూట పోతే బత్తా పోతుంది. సూపర్‌వైజరును అడిగితే "సీజను అయిపోనీప్పా" అన్నాడు. ఆయన అన్నాడు కదా అని నేనూ సరే అనుకున్నా. తప్పు ఆయన మీద తోసేసేందుకు ఇది చెప్పడం లేదు. స్టీరింగు నా చేతిలో ఉండింది.

మోకా రోడ్డులో వంక మీది బ్రిడ్జికి ఎక్కే చోట ఢమ్మని కింద ఏదో విరిగింది. వెంటనే ఇనుము రోడ్డు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. తొక్కితే ఇంజను అరుస్తాంది గాని బండి ముందుకు పోవడం లేదు. బ్రేకు తొక్కి నిలిపినా. హ్యాండ్ బ్రేకు లాగినా. దాని కేబులు సాగిపోయిందని, సగమే పట్టుకుంటుందని నాకు తెలుసు. అందుకని ఇంజను ఆపి ఫస్టు గేరులో వేసినా. ఎత్తు మీద బండి నిలిపితే ఎవరైనా అదే కదా చేసేది. గేరు పట్టుకుంటుందిలే అని దిగినా.

టార్చి వేసి చూస్తే షాఫ్టు వెనక కొస ఊడి నేల మీద పడి ఉంది. తాడుతో పైకి కట్టేస్తే ఎట్లో తోసుకుని పక్కకు పెట్టొచ్చని మా అల్లుడు వెనక వైపు నుంచి కిందికి దూరినాడు. నేను తాడు తీయడానికి క్యాబిన్ దగ్గరికి వచ్చినా. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగుతాన్నారు. ఆ కదలికకు హ్యాండ్ బ్రేకు జారింది. బండి వెనక్కి దొర్లింది. ఎక్కువ కాదు, ఒక అడుగు. కానీ వాని ఎడమ పాదం వెనక చక్రానికి అవతల ఉంది.

వాడు అరిచిన అరుపుకు నాకు కాళ్లు చేతులు ఆడలేదు. అప్పటికే దిగిన ఒక అక్క, నలభై అయిదేళ్ల మనిషి, రోడ్డు పక్కనున్న పెద్ద రాయి రెండు చేతులా ఎత్తి తెచ్చి చక్రం వెనకాల పడేసింది. అది ఈ గుట్టల నల్లరాయి. వేల ఏళ్ల కిందట ఇక్కడి మనుషులు గొడ్డళ్లు చేసుకున్నారని బడిపిల్లల్ని బళ్లారి మ్యూజియానికి పిలుచుకుపోయి చూపిస్తారే, ఆ జాతి రాయి. బండి దాని మీద ఆగింది. తర్వాత ఆ పదకొండు మందీ, నేనూ కలిసి బండిని ముందుకు తోసినాం, వాని పాదం బయటికి వచ్చేంత మేర. అంత బరువైన బండి అంత సులువుగా ఎట్ల కదిలిందో అప్పుడు ఆలోచించలేదు. ఆసుపత్రిలో వాని పాదానికి రెండు వేళ్లు తీసేసినారు. మిల్లు రిజిస్టరులో వాని పేరు లేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తా.

బండి ఎందుకు దొర్లిందో గ్యారేజీ భాయ్ చెప్పేదాకా నాకు నిజంగా అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్లు బండి నడిపినా! ఇప్పుడు మన కాలనీలో ఇంటికొక ఆటోనో, గూడ్స్ బండో ఉంది, కుర్రాళ్లు ఫోనులో వీడియో చూసి స్పానరు పట్టుకుని కిందికి దూరుతున్నారు. అందుకే ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

ఇంజను ముందుంటుంది, తిరగాల్సిన చక్రాలు వెనకుంటాయి. గేరు బాక్సు నుంచి వెనక హౌసింగు దాకా ఆ తిరుగుడును మోసుకుపోయే పొడుగాటి గొట్టమే షాఫ్టు, కంపెనీ వాళ్లు ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. గేరు బాక్సు ఛాసిస్‌కు గట్టిగా బిగించి ఉంటుంది. హౌసింగేమో కట్టల మీద వేలాడుతూ గుంట వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఎగురుతుంది. ఒకటి కదలదు, ఒకటి ఊరుకోదు. మధ్యలో గొట్టం నిలువుగా బిగించేస్తే మొదటి గుంటకే విరిగిపోతుంది. అందుకని రెండు కొసల్లోనూ ప్లస్ గుర్తు ఆకారంలో క్రాసు పెట్టినారు, షాఫ్టు ఎటు కావాలంటే అటు వంగి తిరగడానికి. పొడుగు తగ్గడానికి, పెరగడానికి పళ్ల గొట్టం ఒకదాంట్లో ఒకటి జారేటట్టు పెట్టినారు. క్రాసును పట్టుకునే రెండు చెవుల భాగాన్ని యోక్ అంటారు. ఇంగ్లీషులో యోక్ అంటే మన ఎద్దుల కాడే అని మా చిన్నోడు డిక్షనరీ చూసి చెప్పినాడు. పేరు సరిగ్గానే పెట్టినారు.

ఇప్పుడు గేరులో వేసి బండి నిలిపితే అది ఎందుకు నిలబడుతుంది? చక్రం తిరగాలంటే హౌసింగు తిరగాలి, హౌసింగు తిరగాలంటే షాఫ్టు తిరగాలి, షాఫ్టు తిరగాలంటే ఆగిపోయిన ఇంజనును తిప్పాలి. ఆ బిగువుకు బండి నిలబడుతుంది. షాఫ్టు ఊడిందంటే ఇంజనుకూ చక్రానికీ సంబంధమే తెగిపోయింది. ఫస్టు గేరు వేస్తే ఏమి, రివర్స్ వేస్తే ఏమి? బండి ఎద్దులు విప్పేసిన బండి మాదిరే. పన్నెండు మందిమి తోస్తే అంత సులువుగా కదిలింది అందుకే. కొన్ని పాత జీపులకు, బండ్లకు హ్యాండ్ బ్రేకు కూడా గేరు బాక్సు వెనకాల షాఫ్టు మీదే ఉంటుంది. వాటికైతే షాఫ్టు విప్పితే హ్యాండ్ బ్రేకు కూడా పోయినట్టే. "షాఫ్టు బోల్టు మీద స్పానరు పెట్టేముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలప్పా, చదునుగా ఉన్నా సరే" అన్నాడు భాయ్. అన్నాక కాసేపు మాట్లాడలేదు. ఆయన షెడ్డులో కూడా ఎప్పుడో ఏదో జరిగి ఉంటుంది అనుకున్నా, అడగలేదు.

ఈ భాయ్‌కి షాఫ్టుల పని అంత బాగా రావడానికి కారణం ఖనిజం లారీలు. ఆ రోజులు మనవాళ్లు మరిచిపోలేదు. హొస్పేట, సండూరు, బళ్లారి రోడ్లు ఎర్రగా ఉండేవి, ఆరేసిన బట్టలు ఎర్రగా ఉండేవి, దగ్గితే ఎర్రగా వచ్చేది. కట్టాల్సినదాని కన్నా ఎంతో ఎక్కువ లోడు కట్టి రాత్రింబగళ్లు రేవులకు తోలినారు. ఎత్తు మీద నిండు లోడుతో నిలిచిన లారీని కదిలించడానికి డ్రైవరు ఇంజను రేసు చేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఆ దెబ్బంతా షాఫ్టే తినాలి. తడిబట్ట పిండినట్టు మెలితిరిగిన షాఫ్టు గొట్టం ఒకటి భాయ్ షెడ్డు గోడకు ఇప్పటికీ వేలాడుతుంది. ఆ రోజుల్లో వారానికి ఇన్ని క్రాసులని లెక్క లేదంట, డబ్బాల్లో తెప్పించేవాడంట. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఖనిజం తవ్వకం ఆపమంది. లారీలు నిలిచిపోయినాయి, కిస్తీలు నిలవలేదు. చాలా షెడ్లు మూతపడినాయి. ఈయన మిల్లు బండ్లు, ట్రాక్టర్లు చూసుకుంటూ నిలబడినాడు.

మా బండి షాఫ్టు విప్పి బల్ల మీద పెట్టి, ఆయన నన్ను దగ్గరికి పిలిచినాడు. "చూడు, ఇది నీకు ఎన్నిసార్లు చెప్పిందో." విరిగిన క్రాసు మూతల చుట్టూ ఎర్రటి పొడి, తుప్పు పౌడరు. క్రాసు నాలుగు కొసలకూ నాలుగు మూతలు ఉంటాయి, ఒక్కొక్క మూతలో సూదుల్లాంటి సన్న బేరింగులు వరసగా నిలబెట్టి ఉంటాయి. గ్రీసు ఎండిపోతే ఆ సూదులు తుప్పుపట్టి పొడి అవుతాయి. ఎర్రపొడి కనిపించిందంటే ఆ క్రాసు పని అయిపోయినట్టే, గ్రీసు కొట్టి ప్రయోజనం లేదు. మా దాంట్లో మూడు మూతల్లో గ్రీసు ఉంది, నాలుగోది పూర్తిగా ఎండిపోయింది. నేను గ్రీసు కొట్టించలేదా అంటే కొట్టించినా. నాలుగు మూతల నుంచీ పాత గ్రీసు బయటికి వచ్చిందా లేదా అని మాత్రం ఒక్కరోజు కూడా వంగి చూడలేదు. ఒక మూత నుంచి రాకపోతే షాఫ్టును అటూ ఇటూ కదిలిస్తూ మళ్లీ కొట్టాలంట. అప్పటికీ రాకపోతే ఆ క్రాసు మార్చాలంట.

అక్కలు చెప్పిన పిట్ట అరుపు ఇదే. నెమ్మదిగా పోయేటప్పుడు కిచకిచమని, వేగం పెరిగితే అరుపు కూడా తొందరగా వస్తుంది. ఎండిన క్రాసు మొదట అట్ల అరుస్తుంది. ఆ దశలో చూపించుకుంటే ఒక క్రాసు, ఒక పూట. నేను విన్న 'టక్' దాని తర్వాతి దశ. సూదులు అరిగి సందు ఏర్పడితే, తిరుగుడు ముందుకూ వెనక్కూ మారినప్పుడల్లా ఆ సందులో ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. అయితే 'టక్' అంటే క్రాసే అని తీర్పు చెప్పకూడదు. జారే పళ్ల గొట్టం అరిగినా, హౌసింగులో క్రౌను పినియను వదులైనా, ఫ్లాంజి బోల్టులు లూజైనా అదే చప్పుడు వస్తుంది. అందుకని చేత్తో చూడాలి. చక్రాలకు దిమ్మెలు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, క్రాసుకు అటు ఒక చెయ్యి ఇటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పి చూడు. పైకీ కిందికీ కూడా ఆడించి చూడు. క్రాసు దగ్గర చేతికి ఏమాత్రం ఆట తెలిసినా అది పోయినట్టే.

పొడుగు బండ్లకు షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఛాసిస్‌కు వేలాడే సెంటర్ బేరింగు. దాని చుట్టూ ఉన్న రబ్బరు చీలిపోతే, లోడుతో కదిలేటప్పుడు సీటు కింద గుడగుడమని అదురు వచ్చి, వేగం అందుకున్నాక తగ్గుతుంది. బేరింగే పోతే ఎప్పుడూ ఒకటే గీ అనే మోత. మా బండిది రబ్బరు సగం చీలి ఉంది. అది ఎందుకు చీలిందనేదే అసలు కథ.

భాయ్ జారే గొట్టం మీది మట్టి తుడిచి ఒక బాణం గుర్తు చూపించినాడు. దానికి ఎదురుగా ఉండాల్సిన రెండో బాణం పక్కకు తప్పి ఉంది. "దీన్ని ఎవరు విప్పినారు?" అన్నాడు. రెండు నెలల కిందట వేరే చోట క్లచ్ ప్లేట్ వేయించినప్పుడు విప్పినారు. గుర్తు చూడకుండా పళ్లు ఎట్ల కూర్చుంటే అట్ల దూర్చేసినారు. నా వణుకు మొదలైంది కూడా అప్పటి నుంచే. టైరు మీద నెట్టేసినా.

ఆ గుర్తు ఎందుకో ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. క్రాసు వంగి తిరిగేటప్పుడు ముందు వైపు సమంగా తిరిగినా వెనక వైపు సమంగా తిరగదంట. ఒక్క చుట్టులోనే రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. అవతలి కొసలో ఉన్న క్రాసు ఆ తప్పును సరిగ్గా ఎదురు చేసి కొట్టేస్తుంది, కానీ షాఫ్టు రెండు కొసల చెవులూ ఒకే వరసలో ఉంటేనే. వరస తప్పితే తప్పుకు తప్పు కలిసి రెట్టింపు అవుతుంది. బండి వణుకుతుంది, ఆ వణుకు సెంటర్ రబ్బరును చీలుస్తుంది, క్రాసును తింటుంది, హౌసింగు సీలును కారుస్తుంది. నమ్మకం కాక నేను అక్కడే పాత షాఫ్టు చేత్తో తిప్పి చూసినా, నిజమే. అందుకే విప్పేముందు గొట్టం మీద, ఫ్లాంజి మీద, గుర్తు ఉన్నా లేకపోయినా పంచ్‌తో రెండు చుక్కలు కొట్టాలి. సుద్దతో గీస్తే గ్రీసు చేతికి చెరిగిపోతుంది.

వణుకు టైరుదా షాఫ్టుదా ఇంజనుదా అనే సందేహానికి ఆయన చెప్పిన ఉపాయం ఇది. ఖాళీగా, చదునుగా ఉన్న నేరు రోడ్డు మీద ఏ వేగానికి వణుకు వస్తుందో ఆ వేగానికి పోయి, ఆక్సిలరేటర్ వదిలి ఒక్క క్షణం న్యూట్రల్ చెయ్యి. ఇంజను చప్పుడు తగ్గినా వణుకు తగ్గకపోతే జబ్బు గేరు బాక్సుకు వెనకే ఉంది. వణుకు కూడా ఆగితే ముందు చూసుకో. దిగుడులో మాత్రం ఈ పని చెయ్యొద్దు, వెనక మనుషులు ఉన్నప్పుడు అసలు వద్దు. షాఫ్టు గొట్టం మీద చిన్న రేకు ముక్క అతికించి ఉంటుంది, అది తూకం కోసం. ఏదో చెత్త రేకు అని పీకేసిన మహానుభావులు ఉన్నారు. గొట్టానికి నొక్కు పడినా, తారు ముద్ద అంటుకున్నా వణుకే. మన మిల్లు బండ్లకు ఇంకో రోగం: సుతిలి తాడు, దూది షాఫ్టుకు చుట్టుకుని పినియను సీలు దాకా పోయి దాన్ని కోస్తాయి. నెలకు ఒకసారి కత్తితో కోసి తీసేయాలి.

క్రాసు మార్చేది సుత్తి పని కాదని భాయ్ పదిసార్లు చెప్పినాడు. సుత్తితో బాదితే యోక్ చెవులు వంగుతాయి, కొత్త క్రాసు కూడా నెలకే పోతుంది. బెంచి వైసులో పెట్టి నిదానంగా నొక్కాలి. మూత ఎక్కేటప్పుడు ఒక్క సూది పక్కకు పడినా మూత పూర్తిగా దిగదు, లాక్ గాడిలో కూర్చోదు. లాక్ కూర్చోలేదని ఇంకా గట్టిగా కొట్టేవాళ్లున్నారు. బయటికి తీసి, సూదిని గ్రీసుతో నిలబెట్టి మళ్లీ నొక్కాలి. బిగించినాక షాఫ్టు అన్ని వైపులా మెత్తగా వంగాలి. ఫ్లాంజి బోల్టులు మామూలు దుకాణం బోల్టులు వేయకూడదు, కంపెనీవి వేయాలి. అవి తెగినా షాఫ్టు ఊడుతుంది. వెనక కొస ఊడితే ఈడ్చుకుంటూ పోతుంది, మాకు జరిగినట్టు. ముందు కొస ఊడి నేలకు గుచ్చుకుంటే బండిని ఎత్తి పడేస్తుంది. అందుకే షాఫ్టు చుట్టూ ఇనుప పట్టీ గార్డు ఉంటుంది. అది విరిగిందని తీసి మూల పడేసిన బండ్లు మన కాలనీలోనే రెండు ఉన్నాయి, నాకు తెలుసు.

ముందు చక్రాలు తిరిగే చిన్న కార్లకు ఈ పొడుగు షాఫ్టు ఉండదు. చక్రానికొకటి పొట్టి షాఫ్టులు, వాటి కొసలకు గ్రీసు నింపిన రబ్బరు బూట్లు. మలుపు తిప్పేటప్పుడు కటకట కొట్టుకుంటే బయటి జాయింటు పోయినట్టు. బూటు చిరిగి గ్రీసు చక్రం లోపలి వైపు చిమ్మిన మరకే మొదటి గుర్తు. అప్పుడే బూటు మార్చుకుంటే జాయింటు మిగులుతుంది.

ఆ రాత్రి తర్వాత మా అక్క నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పని కూడా లేదు. ఆ క్రాసు ఖరీదు నా మూడు రోజుల బత్తా. ఆ లెక్క ఎవరూ నాకు చెప్పనక్కర లేదు, రాత్రి నిద్ర పట్టనప్పుడు నేనే వేసుకుంటా.

వాడు ఇప్పుడు సొంతంగా నాలుగు చక్రాల గూడ్స్ బండి నడుపుతున్నాడు. కొంచెం కుంటుతాడు, కొత్తవాళ్లు గమనించరు. పోయిన నెల ఆదివారం ఇంటికి వచ్చి, "మామా, బండి కిచకిచమంటాంది, ఒక చెయ్యి వేస్తావా?" అన్నాడు. నేను టార్చి పట్టుకుని వంగినా. "ఉండు" అని నా భుజం మీద చెయ్యి వేసి ఆపినాడు. సీటు వెనక నుంచి పసుపు రంగు పూసిన చెక్క దిమ్మెలు నాలుగు తీసినాడు. వెనక చక్రాలు రెండింటికీ ముందొకటి వెనకొకటి పెట్టి, ఒక్కొక్కదాన్ని ఎడమ కాలితోనే తన్ని చూసినాడు.

"ఇప్పుడు దూరు" అన్నాడు.

వెనక క్రాసులో గ్రీసు నిప్పిలు మట్టితో మూసుకుపోయి ఉంది. మూతల చుట్టూ ఎర్రపొడి లేదు, చేతికి ఆట తెలియలేదు. పాత నిప్పిలు విప్పి కొత్తది వేసి గ్రీసు కొట్టినాం. మూడు మూతల నుంచి వెంటనే వచ్చింది. నాలుగోది మొండికేసింది. వాడు షాఫ్టు పట్టుకుని ఆడిస్తూ ఉంటే నేను గన్ను నొక్కుతూ పోయినా, అక్కడి నుంచి కూడా నల్ల గ్రీసు తోసుకుని వచ్చేదాకా.